జ్ఞాపక పరిభాష: ఆంగ్ల నామాలు – తెలుగు క్రియలు

ప్రవేశిక:
ఆత్మకథలను అధ్యయనం చేసే తెలుగు పరిశోధకులకు జ్ఞాపకానికి సంబంధించిన ఆంగ్ల పరిభాష అవసరమవుతోంది. మెమరీ, రిటెన్షన్, రీకాల్, రికగ్నిషన్ వంటి పదాలను పట్టికగా రాసుకొని, ఒక్కొక్క ఆంగ్ల నామానికి ఎదురుగా ఒక తెలుగు నామాన్ని చేర్చుకొని నేర్చుకోవడం సులభమైన మార్గంగా కనిపిస్తుంది. కానీ ఆ పట్టికలో చాలా పదాలకు ఎదురుగా ‘జ్ఞాపకం’ అనో ‘స్మృతి’ అనో మిగులుతుంది. భేదాన్ని చూపడానికి ఏర్పడిన పదాలు ఆ భేదాన్నే కోల్పోతాయి. ఈ లోపం తెలుగుది కాదని, పోల్చే పద్ధతిదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

క్రియల్లోని భేదం:
ఆంగ్ల శాస్త్రపరిభాష నామాలతో చూపే ఈ భేదాలను తెలుగు ‘గుర్తు’ అనే ఒక్క నామం పక్కన క్రియను మార్చి చూపుతుంది. గుర్తుపెట్టుకోవడం ఎన్‌కోడింగ్, గుర్తుండడం రిటెన్షన్, గుర్తుతెచ్చుకోవడం రీకాల్, గుర్తుపట్టడం రికగ్నిషన్. ప్రయత్నం లేకుండా కలిగే స్మరణకు ‘గుర్తుకురావడం’ వేరుగా ఉంది.

విమర్శలో ఈ భేదం ఎంత అవసరమో కాళిదాసు ‘అభిజ్ఞానశాకుంతలం’ చూపుతుంది. శాపవశాన దుష్యంతుడు ఎదుట నిలిచిన శకుంతలను గుర్తుపట్టలేదు. ఉంగరాన్ని చూడగానే ఆమె గుర్తుకువచ్చింది. మొదటిది రికగ్నిషన్ వైఫల్యం. రెండవది ఒక ఆనవాలు ప్రేరేపించిన స్మరణ. రెండింటినీ విస్మృతి, స్మృతి అనే జంటలో ఇమిడిస్తే ఉంగరం చేసిన పని వివరణకు అందదు. తెలుగులో ఆ ఉంగరం కూడా ‘గుర్తే’.

నామాల వెంట వచ్చే అర్థాలు:
వ్యక్తి జ్ఞాపకం కుటుంబం, మతం, వర్గం వంటి సామాజిక చట్రాల్లో రూపొందుతుందని ఫ్రెంచి సామాజికశాస్త్రవేత్త మారిస్ హాల్బ్‌వాక్స్ 1925లో ప్రతిపాదించాడు. ఆయన ‘కలెక్టివ్ మెమరీ’ని ‘సామూహిక స్మృతి’గా అనువదిస్తే, మనుస్మృతి వంటి పేర్లలోని ధర్మశాస్త్రార్థం కూడా వెంట వస్తుంది. దళిత ఆత్మకథల చర్చలో ఇది ఉపేక్షించదగిన విషయం కాదు. సామల సదాశివ తన రచనకు పేరుగా ఎంచుకున్న ‘యాది’ ఫారసీ మూలం నుంచి ఉర్దూ ద్వారా తెలంగాణ వాడుకలో స్థిరపడిన పదం. దానికి ఆ ప్రాంతీయ స్వరం ఉంది. ‘జ్ఞాపకం’ సంస్కృత వ్యాకరణంలో ‘తెలియజేసేది’ అనే అర్థంలో పారిభాషికం. మనకు గుర్తుకువచ్చేవాటిలో అధికభాగం ఇతరులు గుర్తుచేసినవే అన్న హాల్బ్‌వాక్స్ వాదానికి ఈ ప్రేరణార్థం సన్నిహితం. అందువల్ల ‘సామూహిక జ్ఞాపకం’ మేలైన ఎంపిక.

ముగింపు:
పరిభాషకు నామాలు తప్పవు. అయితే ఆంగ్లపదాన్ని నేర్చుకునేటప్పుడు దానికి సరిపడే తెలుగు వాక్యాన్ని ముందుగా నిర్మించుకోవాలి: ఎవరికి గుర్తుంది, ఎవరు గుర్తుచేశారు, ప్రయత్నించి తెచ్చుకున్నదా, తానుగా వచ్చిందా? సిద్ధాంతగ్రంథంలో పదాన్ని తొలిసారి వాడినచోటే ఈ క్రియను స్పష్టం చేస్తే ‘జ్ఞాపకం’ అనే మాట అలంకారంగా మిగలక విశ్లేషణ సాధనమవుతుంది.