చుక్కలూ గీతా

నౌకాశాస్త్రంలో నన్ను మళ్లీ మళ్లీ ఆపేసే సౌందర్యం ఒక గ్రాఫులో ఉంది. అడ్డంగా అల పొడవు, నిలువుగా ఓడ నడుము దగ్గర పడే బెండింగ్ మూమెంట్, అంటే ఓడను వంచే ప్రభావం. నున్నగా సాగే గీత కంప్యూటర్ లెక్క. దాని వెంట పడిన చుక్కలు నీటి తొట్టిలో నమూనా ఓడ మీద కొలిచినవి.

ఆ గీత వెనకున్న లెక్క, 1970లో సాల్వెసన్, టక్, ఫాల్టిన్సన్ అనే పరిశోధకులు ప్రకటించిన స్ట్రిప్ సిద్ధాంతం, ఓడను ఈ కొస నుంచి ఆ కొస దాకా పలచని అడ్డకోతలుగా చూస్తుంది. ఒక్కో కోత చుట్టూ నీరు పక్కలకీ కిందికీ తప్ప ఓడ పొడవునా పారదనుకుని, విడివిడిగా లెక్కకట్టి కూడుతుంది. ఎంత సాహసం! సముద్రం ఆ హద్దులు పాటించదని తెలిసీ వేసిన అడుగు అది.

తొట్టిలో నమూనా ఓడను నిజంగానే కోస్తారు. ముక్కలను లోపల ఒక దూలంతో కలిపి అలల్లో లాగుతారు. దూలం వెంట్రుకవాసి వంగినా స్ట్రెయిన్ గేజి పట్టేస్తుంది. 1:50 నమూనాలో దొరికిన మూమెంటు అసలు ఓడ దగ్గరికొచ్చేసరికి 62.5 లక్షల రెట్లవుతుంది.

అసలు రసం ఇక్కడుంది. నీరు ఎత్తే బలం, ఊగే ఓడ బరువులోని జడత్వం, రెండూ పెద్దవే, ఎదురెదురుగా లాగుతాయి. వాటి మధ్య మిగిలిన తేడాయే ఓడను వంచుతుంది. పెద్ద అంకెల్లో దొర్లిన చిన్న పొరపాటు ఆ తేడాలో ఎంతో పెద్దదై కూర్చుంటుంది. అయినా అల పొడవు ఓడ పొడవుకు దగ్గరయ్యే చోట గీత శిఖరమెక్కుతుంటే చుక్కలూ వెంట ఎక్కుతాయి. చూసిన ప్రతిసారీ ఒళ్లు పులకరిస్తుంది.

ఎత్తైన అలల్లో కంటెయినర్ ఓడ దగ్గర ఈ పొత్తు చెదురుతుంది. చిన్న అలలకు రాసిన లెక్క ప్రకారం ఓడ నడుము పైకి ఎంత వంగుతుందో కిందికీ అంతే వంగాలి. చుక్కలు ఒప్పుకోవు, కిందికి వంచే మూమెంటే ఎక్కువంటాయి. ముందుభాగం పైకి పోయేకొద్దీ విచ్చుకుని ఉంటుంది. అది అలలో మునిగినప్పుడు ఆ వెడల్పు మీద నీరు అదనంగా ఎదురు తన్నుతుంది. లెక్క పక్కన పెట్టిన ఓడ ఆకారాన్ని చుక్కలు గుర్తుచేశాయి. తడిసిన భాగాన్ని క్షణక్షణం మళ్లీ కొలిచే తరవాతి లెక్కలకు దారి చూపింది ఈ ఎడబాటే.

అందుకే గీతకు అందని చుక్కలను చెరిపేయకుండా అదే గ్రాఫులో అచ్చువేయడమే ఈ కళలో ఔచిత్యం. డెక్కు మీద ఉక్కు పలక ఎంత మందం ఉండాలో తేలేది ఆ నిజాయితీ మీదే.