నిలిపిన పని నిలిచి ఉంటుందా?

అనకాపల్లి చుట్టుపట్ల బెల్లం వండే రైతుకు పని మధ్యలో ఆగిపోవడమంటే ఏమిటో చెప్పనవసరం లేదు. గానుగ నుండి దిగిన చెరకు రసాన్ని ఆలస్యం చేయకుండా పెనంలోకి ఎక్కించాలి. లేకపోతే సూక్ష్మజీవులు తమ పని ప్రారంభిస్తాయి, రసంలోని సుక్రోజు విడిపోయి గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా మారుతుంది, రసం పులుస్తుంది. అటువంటి రసంతో వండిన బెల్లం సరిగా గట్టిపడదు. అనగా గానుగ ఆగినా రసం ఆగదు.

కర్మాగారాలలో మరమ్మతు పనులను నడిపించే సాఫ్ట్‌వేర్లను ఈ దృష్టితో పరిశీలించవలసి ఉన్నది. వాటిలో ప్రతి పనికీ ఒక ‘వర్క్ ఆర్డరు’ ఉంటుంది. మెకానిక్కు పని మొదలుపెట్టగానే తెరమీద గడియారం నడుస్తుంది. భోజనవేళ అయినా, విడిభాగం దొరకకపోయినా అతడు ‘పాజ్’ మీట నొక్కుతాడు. తిరిగి వచ్చి ‘రెజ్యూమ్’ నొక్కుతాడు. ఏర్పాటు మెచ్చదగినదే. సాయంత్రం రిజిస్టరులో అంచనాగా వేసే గంటలకన్న ఈ లెక్క నిజానికి దగ్గరగా ఉంటుంది.

కాని ఏ గంటల లెక్క? గానుగ మోటారు బేరింగు చెడి మోటారు ఆగినదనుకుందాము. ఉదయం 10 గంటలకు విప్పడం మొదలు. 11 గంటలకు కొత్త బేరింగు కోసం పాజ్. మధ్యాహ్నం 3 గంటలకు రెజ్యూమ్. 4 గంటలకు ముగింపు. మెకానిక్కు శ్రమ 2 గంటలు, గానుగ ఆగినది 6 గంటలు. కూలి కట్టడానికి మొదటి సంఖ్య కావాలి. రసం ఎంత పాడైనదో తెలియడానికి రెండవది కావాలి. ఈ రెండింటినీ వేరుగా చూపని సాఫ్ట్‌వేర్ పోయిన 4 గంటలను యజమాని కంటికి కనపడకుండా చేస్తుంది. బేరింగు ముందే కొని ఉంచుకోవాలన్న ఆలోచన అతనికి ఎలా వస్తుంది?

ఇంతకన్న పెద్ద లోపం మరొకటి ఉన్నది. పాజ్ మీట కాలాన్ని నమోదు చేస్తుంది. యంత్రాన్ని ఏ స్థితిలో వదిలారో నమోదు చేయదు. ఉత్తర సముద్రంలోని పైపర్ ఆల్ఫా చమురు వేదికమీద 1988 జూలై 6న ఒక పంపుకు చెందిన రక్షణ కవాటాన్ని పరీక్షకోసం తీశారు. సాయంత్రానికి పని పూర్తికాలేదు. కవాటం స్థానంలో ఒక మూత బిగించి, పని నిలిపివేశారు. రాత్రి షిఫ్టువారికి ఈ సంగతి అందలేదు. రెండవ పంపు ఆగిపోగా వారు మొదటి పంపును నడపబోయారు. మూతవద్ద వాయువు వెలువడి పేలుడు జరిగినది. 167 మంది మరణించారు. కారణం ఇదే కావచ్చునని లార్డ్ కల్లెన్ విచారణ నివేదిక 1990లో తేల్చినది. అప్పుడు ఉన్నవి కాగితపు అనుమతి పత్రాలు. అదే ఖాళీని తెరమీదకు ఎక్కించినంత మాత్రాన అది పూడదు. పరవాడ, అచ్యుతాపురం వంటి రసాయన పరిశ్రమల కేంద్రాలున్న అనకాపల్లి జిల్లాకు ఇది దూరదేశపు కథ కాదు.

విచిత్రమేమంటే, కంప్యూటరు తన సొంత పనిలో ఈ పొరపాటు చేయదు. ఒక ప్రోగ్రామును ఆపి మరొకదానికి మళ్ళవలసి వచ్చినప్పుడు, ప్రాసెసరు ఏ ఆదేశం దగ్గర ఆగినది, రిజిస్టర్లలో ఏ విలువలు ఉన్నవి అన్నది ముందు భద్రపరచబడుతుంది. ఆ తరువాతనే మళ్ళడం. విద్యార్థులు పాఠంలో చదివే ‘ఇంటరప్టు’ ఈ పద్ధతిమీదనే నడుస్తుంది. తనకు తప్పనిసరి అయిన ఈ జాగ్రత్త మనిషి పనికి ఎందుకు అక్కరలేకపోయినదో సాఫ్ట్‌వేర్ రచించినవారే చెప్పాలి.

గానుగ దగ్గర ఇది నోటిమాటతో జరిగిపోతుంది. బెల్టు ఊడదీసి ఉన్నది, స్విచ్చి ముట్టవద్దు అని వెళ్ళేవాడు వచ్చేవానికి చెప్పి వెళ్తాడు. వందలాది యంత్రాలు, మూడు షిఫ్టులు ఉన్నచోట ఆ మాటకు తెరమీద ఒక గడి కావాలి. అది నింపనిదే పాజ్ మీట పడకూడదు. దానిని చదివినట్లు తెలపనిదే రెజ్యూమ్ మీట కూడా పడకూడదు.