బార్లీ నీళ్ళు, ముదురు పాకం

పాకం పట్టడం తెలిసిన తెలుగు ఇల్లాలికి ఫ్రాన్స్‌లోని ‘సూక్ర్ దోర్జ్’ గురించి చెప్పడం తేలిక. బార్లీ ఉడికించిన నీళ్ళతో పట్టిన పంచదార పాకం అది. మనం అరిసెలకు ఉండపాకం రాగానే దించేస్తాం. వాళ్ళు అక్కడ ఆగరు. 150 డిగ్రీలు దాటించి, చుక్క చన్నీళ్ళలో వేస్తే పుటుక్కున విరిగేదాకా కాస్తారు. పాకం తేనెరంగుకి తిరుగుతుంది. ఇంకాస్త ఆలస్యమైతే మాడి చేదెక్కుతుంది.

పారిస్‌కు ఆగ్నేయంగా ల్వాఁ నది ఒడ్డున మోరె అనే చిన్న ఊరుంది. అక్కడి మఠంలో బెనెడిక్టైన్ సన్యాసినులు 1638లో దీని తయారీ మొదలుపెట్టారని చెబుతారు. గొంతుకు హాయినిస్తుందన్న పేరు 14వ లూయీ ఆస్థానం దాకా పాకింది. ఫ్రెంచి విప్లవం మఠాలను మూసేసింది. ఆ కిటుకు మాత్రం ఒక సన్యాసిని దగ్గర భద్రంగా ఉండిపోయి, 19వ శతాబ్దంలో మళ్ళీ మోరె సన్యాసినులకు చేరిందంటారు. 20వ శతాబ్దంలో మిఠాయి పనివారి చేతికొచ్చింది.

కిటుకంటే కొలతలే అనుకుంటాం. నా దృష్టిలో అసలు విద్య చేతుల్లో ఉంది. నూనె రాసిన పాలరాతి బల్ల మీద పాకం పోయగానే అంచులు ముందు చల్లారతాయి. వాటిని పదేపదే మధ్యకు మడవాలి. ముద్ద కట్టాక, చెయ్యి కాలుతున్నా తాడులా సాగదీసి, ముక్కలు కోసి, బల్ల మీద పుల్లల్లా దొర్లించాలి. చల్లారేదాకా దొర్లిస్తూనే ఉండాలి. మధ్యలో వదిలేస్తే పుల్ల ఒకవైపు చదునైపోతుంది. నిమ్మరసమో వెనిగరో నాలుగు చుక్కలు పడకపోతే పంచదార మళ్ళీ పలుకుకట్టి, ఆ నిగనిగ పోతుంది. ఇది పుస్తకం చదివి పట్టుబడే పని కాదు, పక్కన నిలబడి నేర్చుకోవాల్సిందే.

ఇలాంటి పుల్లలు ఫ్రాన్స్‌లో ఇంకా ఉన్నాయి. రువాఁ నగరానిది యాపిల్ రుచి పుల్ల. దాని కాగితం మీద ఆ ఊరి పాత గడియారం బొమ్మ ఉంటుంది. బ్రిటనీ తీరంలోని కిబెరోన్‌ది ‘నినీష్’. 1946లో ఫ్రాన్స్‌లో ఉత్తమ మిఠాయిగా గుర్తింపు పొందింది.

నన్ను బాధపెట్టేది ఒకటే. ఇప్పుడు సూక్ర్ దోర్జ్ పేరుతో అమ్మే చాలావాటిలో బార్లీ ఉండదు. రంగు, సువాసన కలిపిన ఉత్త పంచదార. బార్లీ ఉడికించి వడకట్టడం పెద్ద ఖర్చేమీ కాదు, కాస్త ఓపిక పని. ఆ ఓపికను వదులుకోవడం నాకు నచ్చదు. పారిస్ వెళ్ళే మనవాళ్ళు గార్ ద లియోన్‌లో రైలెక్కితే గంటలోపే మోరె చేరతారు. ఏ ఊళ్ళో కొన్నా, డబ్బా మీద బార్లీ పేరుందో లేదో చూసి మరీ కొనండి.