ఫాతిహ్ ముఖం, లాటిన్ పలుకు

ఉస్మానీ సుల్తాన్ రెండవ ముహమ్మద్ 1453 మే 29న కుస్తుంతునియా నగరాన్ని జయించి 'ఫాతిహ్' అనే బిరుదు పొందిన సంగతి పాఠకులకు విదితమే. ఆయన రూపాన్ని ఇటలీ శిల్పులు కంచు పతకాలపై పోతపోసిన సంగతి మాత్రం కొద్దిమందికే తెలుసు. ఒక వైపు ప్రభువు ముఖం, మరొక వైపు ఆయన కీర్తిని తెలిపే దృశ్యం ఉండే ఈ పతకాల సంప్రదాయాన్ని పిసానెల్లో అనే చిత్రకారుడు 1438 ప్రాంతంలో ప్రారంభించాడు.

ఫాతిహ్ పతకాలలో ఉత్తమమైనది కోస్టాన్జో ద ఫెరారా చేసినది. నేపుల్స్ రాజు ఫెరాంతే పంపగా ఈ శిల్పి ఇస్తాంబుల్ వెళ్ళి సుల్తాన్‌ను స్వయంగా చూశాడు. సుమారు 12 సెంటీమీటర్ల వ్యాసం గల ఈ పతకం ప్రతి ఒకటి వాషింగ్టన్ జాతీయ చిత్రశాలలో ఉంది. తలపాగా, గడ్డం, బలిసిన మెడ, కొంకి ముక్కు: ఏదీ పొగడ్త కోసం దిద్దినట్లు లేదు. వెనుక వైపు సుల్తాన్ గుర్రంపై ఒంటరిగా సాగుతున్నాడు. ఫ్లోరెన్సు శిల్పి బెర్తోల్డో ఇస్తాంబుల్ చూడనేలేదు. అతడి పతకం వెనుక విజయరథంపై గ్రీసు, ట్రెబిజాండ్, ఆసియా అనే పేర్లతో ముగ్గురు నగ్న స్త్రీలు బందీలుగా ఉన్నారు. చూసినవాడు మనిషిని చిత్రించాడు, చూడనివాడు రోమను పురాణాన్ని తగిలించాడు.

అయితే కోస్టాన్జో పతకంలోనూ లోపం లేకపోలేదు. ఆ అశ్వారూఢుని చుట్టూ ఉన్న లాటిన్ వాక్యం ఆయనను జనాలనూ నగరాలనూ నేలకూల్చిన యుద్ధపు పిడుగుగా వర్ణిస్తుంది. ఇది ప్రశంసయే, కాని భయపడినవారి ప్రశంస. ఫెరాంతే రాజ్యంలోని ఒట్రాంటో పట్టణం 1480లో ఉస్మానీ సేనల వశమైందని గుర్తుంచుకుంటే ఆ భయం అర్థమవుతుంది. జయించిన నగరంలో ఫాతిహ్ తన మసీదు చుట్టూ 8 ఉన్నత మద్రసాలు కట్టించాడు. ఆ పాలకుడికి ఈ పతకంలో చోటు లేదు. పిడుగు కూల్చగలదు, మద్రసా కట్టలేదు.

ప్రాణుల రూపచిత్రణను ఫుఖహాలో అధికులు అనుమతించలేదు. సుల్తాన్‌కు ఈ సంగతి తెలియనిది కాదు. హిజ్రీ 882లో ఆయన ముద్రింపించిన బంగారు నాణెంపై పేరు, బిరుదులు, దుఆ ఉన్నాయి, ముఖం లేదు. ప్రజల చేతుల్లో తిరిగే నాణేనికి ఒక నియమం, పరదేశ శిల్పుల పతకానికి మరొక నియమం పాటించిన ఈ ద్వంద్వాన్ని అభిమానంతో కప్పిపుచ్చడం న్యాయం కాదు. ఆయన కుమారుడు బాయజీద్ తండ్రి సేకరించిన చిత్రాలను బజారులో అమ్మించాడని, ఆ కొలువులో పనిచేసిన ఆంజోలెల్లో రాశాడు.

కనుక ఈ పతకాన్ని చూసి గర్వించేవారు ఒక మాట గమనించాలి. ముఖం ఫాతిహ్‌దే గాని, పలుకు ఆయనది కాదు. శిల్పి పనితనానికి మెచ్చుకోలు దక్కవలసిందే. ఒక పాలకుణ్ణి తూచవలసినప్పుడు మాత్రం పొరుగువాడి భయం తూకపురాయి కాజాలదు. ఆయన కూల్చినదాన్నీ కట్టినదాన్నీ ఒకే త్రాసులో ఉంచాలి.