అదే లడ్డు

ఛోటా భీమ్ హైదరాబాదులో తయారైన బొమ్మల సీరియల్. 2008 నుంచి పోగోలో వస్తోంది. మా హోసూరు ఇంట్లో తమిళంలో పెట్టుకుని, రెండో క్లాసు చెల్లెలితో పాటు నేనూ చూస్తా. కథ చకచకా నడుస్తుంది, జగ్గు కోతి అయితే భలే. నాకు నచ్చనిది కాలియా సంగతే.

భీమ్ లడ్డు తింటే బలం, కండలు పొంగుతాయి. కాలియా తింటే తిండిపోతు. లడ్డు అదే కదా! వాడు గొప్పలు కొడతాడు, అసూయ పడతాడు, అందుకు ఓడిపోతే సరే. కానీ వాడు దబ్బున పడ్డప్పుడు మనల్ని నవ్వించేది వాడి బుద్ధి కాదు, పొట్ట. ఈ రెండూ వేరని ఆరేడేళ్ల పిల్లలకి ఎలా తెలుస్తుంది? క్లాసులో కొంచెం లావుగా ఉన్నవాణ్ణి ‘కాలియా’ అని పిలిస్తే ఒక్క మాటలో రెండు తిట్లు తిట్టినట్టే.

లావుపాటి మనిషిని పెట్టి నవ్వించకూడదని నేననను. 1957 నాటి ‘మాయాబజార్’లో ఎస్వీ రంగారావు గారి ఘటోత్కచుడు ఎంత భారీ మనిషి! పెళ్లివంటలన్నీ ఒక్కడే లాగించేస్తాడు. లడ్డూలు వాటంతటవే ఎగిరి నోట్లోకి పోతుంటే మా తాత దగ్గర్నుంచి చెల్లెలి దాకా అందరం నవ్వుతాం. ఆయన్ని చూసి కాదు, ఆయనతో కలిసి. ఆ శరీరం అక్కడ దర్జాగా ఉంటుంది. కాలియాకి ఆ దర్జా ఒక్క ఎపిసోడంతా ఇచ్చి చూస్తే బాగుండు. లడ్డు కూడా.