విద్యుత్తు మరలివచ్చు త్రోవ

విమానమున రేడియోను అమర్చువాని కౌశలము, శబ్దమును కొనిపోవు తీగయందు కంటె, ఆ విద్యుత్తు తన మూలమునకు మరలివచ్చు త్రోవయందే అధికముగా తేటపడునని నా విశ్వాసము. హైదరాబాదులోని ముషీరాబాదు వాసులకు ఈ విద్య పరాయిది కాదు. తార్నాక చేరువ ఉస్మానియా ప్రాంగణమున నావిగేషన్ ఎలక్ట్రానిక్స్‌లో పరిశోధనకును శిక్షణకును వెలసిన ‘నెర్టు’ కలదు. బేగంపేటలో ఎందరో వైమానికులు శిక్షణ పొందిరి. బాలానగరున 1965లో స్థాపితమైన హిందూస్థాన్ ఏరోనాటిక్స్ వారి ఏవియానిక్స్ విభాగము విమానములకు వలయు రేడియో పరికరములను నిర్మించుచున్నది.

ఎగురు విమానమునకు నేలలో పాతిన ఎర్తు కడ్డీ ఉండదు. దాని లోహకాయమే దీపములకును, మోటార్లకును, ఆల్టర్నేటరుకును, రేడియోకును ఉమ్మడి గ్రౌండు. 10 ఆంపియర్ల ప్రవాహము మలినమైన యొక బోల్టు వద్ద 0.01 ఓము నిరోధమును దాటవలసివచ్చినచో, అచట 0.1 వోల్టు భేదము పుట్టును. మైకు సంకేతమును వోల్టులో స్వల్పాంశమే గనుక, రెండును ఒకే త్రోవను మరలుట, ఏటి వరదలో మంచినీటి కాలువను కలుపుట వంటిది: ఇంజను వేగముతో పాటు హెచ్చుచు తగ్గుచు ఆల్టర్నేటరు కూత హెడ్‌సెట్టులో వినవచ్చును.

అందువలననే నేర్పరియైన పనివాడు మైకు జాకును, హెడ్‌ఫోను జాకును లోహఫలకమునకు తగులనీయక, నడుమ ఇన్సులేటింగ్ వాషర్లనుంచి, వాని మరలు తీగలను ఆడియో ప్యానెలు వరకును వేరుగా కొనివచ్చును. మైకు తీగ షీల్డును ప్యానెలు వైపుననే గ్రౌండునకు కలిపి, జాకు వైపున దేనికిని అంటకుండ కప్పి విడుచును. సరఫరా తీగలకును యాంటెన్నా కేబులుకును ఆడియో తీగలను దూరముగా నడిపించును.

ఈ శ్రద్ధ ఒక పైలటు సౌఖ్యమునకు మాత్రమే కాదు. పౌర విమానముల సంభాషణ 118 మొదలు 137 మెగాహెర్ట్‌జుల నడుమ, ఆంప్లిట్యూడ్ మాడ్యులేషన్ పద్ధతిని సాగును. మైకు తీగలో చొరబడిన కూత మాటతో పాటు ప్రసారమై, కంట్రోలరునకును, అదే ఛానెలును ఆలకించు ఇతర పైలటులకును చేరును. ఎత్తును, దిశను తెలుపు అంకెయొకటి ఆ రొదలో మరుగుపడినచో కలుగు ప్రమాదమును ఎవరు కొలువగలరు? వైరింగు ముగిసిన పిదప ఫిల్టరును తగిలించుట రోగమును కప్పిపుచ్చుటయే కాని, నివారించుట కాదు.

కావున మన శిక్షణశాలలయందు విద్యార్థిని పటముపై గ్రౌండు గుర్తును గీచి ఊరకొననీయక, ప్రతి మరలు తీగయు ఏ బోల్టు చెంత ముగియునో, అచట మరి యే ప్రవాహములు కూడునో విధిగా వ్రాయింపవలెను.