పాత సంచికలు – క్రొత్త వీరులు

వాఙ్మయమనగా కావ్యములు, ప్రబంధములు, నవలలు మాత్రమే యని మన పెద్దలలో పలువురి తలంపు. బొమ్మల కథలు పిల్లల యాటవస్తువులని వారి యభిప్రాయము. కాని ఎనుబది యేండ్లకు పైబడి లక్షలకొలది చదువరులు చేతబట్టుచున్న ప్రక్రియను విమర్శకులు కన్నెత్తి చూడకుండుట న్యాయము కాదు. అమెరికా దేశమున పుట్టిన సూపర్ హీరో కామిక్సులను గూర్చియు, వాని పాత సంచికలను చవుకగా సేకరించి చదువు నలవాటును గూర్చియు మాకు తోచిన నాలుగు మాటలు ఇచట విన్నవించుచున్నాము.

1938 వ సంవత్సరమున ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికలో సూపర్‌మాన్ అవతరించెను. కథ వ్రాసినవాడు జెర్రీ సీగెల్. బొమ్మలు గీచినవాడు జో షూస్టర్. సంచిక వెల పది సెంట్లు. ఆ వీరునిపై సర్వహక్కులను వారిరువురు 130 డాలర్లకు ప్రచురణకర్తల కిచ్చివేసిరి. 1975 లో గాని వారికి ఏటేట భరణము ఏర్పడలేదు. కథపై తొలగింపబడిన పేర్లును ఆ పిమ్మటనే మరల ఎక్కెను. ఆ సంచిక ప్రతి యొకటి 2014 లో 32 లక్షల డాలర్లకును, మరియొకటి 2024 లో 60 లక్షల డాలర్లకును అమ్ముడుపోయెను. జమాఖర్చు పుస్తకములతో జీవితము గడపిన మా బోటి గుమాస్తాలకు ఈ యంకెలు విస్మయము గొల్పును. కథను కల్పించినవారికి దక్కినదెంత, కాగితమును దాచినవారికి దక్కినదెంత! ఈ వ్యత్యాసమే మా విమర్శకు మూలము. సంచిక విలువ కాగితమున నున్నదా, కథలో నున్నదా?

లక్షల విలువచేయు ప్రతులు ఇనుప బీరువాలలో నుండును. మేము చెప్పదలచినది చవుక సంచికల మాట. ఇవి కుప్పలుగా నెట్లు చేరినవో తెలిసికొనుట అవసరము. పూర్వము అమెరికాలో పత్రికలమ్మువారు మిగిలిన ప్రతులను వెనుకకు పంపి సొమ్ము రాబట్టుకొనుచుండిరి. అట్ట పైభాగమును చింపి పంపినను చాలియుండెను. 1970 ప్రాంతము తరువాత కామిక్సులకే ప్రత్యేకమైన దుకాణములు వెలసెను. వీరికి ముదరా హెచ్చు. కాని మిగిలినవానిని ప్రచురణకర్తలు తిరిగి తీసికొనరు. అందుచే అమ్ముడుపోనివి పెట్టెలకెక్కి నామమాత్రపు వెలకు పోవుచున్నవి. ఒకరి నష్టము వేరొకరి గ్రంథాలయమగుచున్నది. మన చెన్నపట్టణమున మూర్ మార్కెట్టు 1985 లో అగ్ని కాహుతి యగువరకు పాత పుస్తకములకు పెట్టినది పేరు. 1964 లో మొదలైన ఇంద్రజాల్ కామిక్సులతో, ముసుగు ధరించిన ఫాంటమ్‌తో మా తరమువారిలో ననేకులకు తొలి పరిచయము పాత పుస్తకముల గుట్టలలోనే కలిగినది.

ఇక కథల గుణదోషములు. 1962 లో ‘అమేజింగ్ ఫాంటసీ’ 15 వ సంచికలో స్టాన్ లీ, స్టీవ్ డిట్కోలు స్పైడర్‌మాన్‌ను పరిచయము చేసిరి. తలిదండ్రులు లేక పినతండ్రి యింట పెరుగు బాలుడు. సాలీడు కాటుచే అద్భుతశక్తి. పారిపోవు దొంగను తనకేమని విడిచిపెట్టుట. ఆ దొంగయే పినతండ్రిని చంపుట. కథ యంతయు 11 పుటలు! ఒక గర్వము, ఒక శోకము, ఒక జీవితవ్రతము అందులో నిమిడినవి. 2000 వ సంవత్సరమున ‘అల్టిమేట్ స్పైడర్‌మాన్’ అను పేర బ్రయన్ మైకేల్ బెండిస్, మార్క్ బాగ్లీలు ఈ కథనే మరల చెప్పుటకు ఏడు సంచికలు తీసికొనిరి. సాగదీసిరని నిందించుట సులభము. కాని పాత కథలో పినతండ్రి కొలది బొమ్మలలో కనబడి మాయమగును. క్రొత్తదానిలో అతడు భోజనపు బల్లకడ కూర్చుండి మాటలాడును, మందలించును, నవ్వును. అతని మరణము మన యింటి మరణమువలె తాకును. పాతదానికి సంక్షేపము బలము. క్రొత్తదానికి సంభాషణ బలము. రెండును చదివినవానికే ఈ భేదము తెలియును.

మరణమునుగూర్చి చెప్పుచున్నాము గనుక రెండు ప్రసిద్ధమైన చావులను పోల్చెదము. 1973 లో ‘అమేజింగ్ స్పైడర్‌మాన్’ 121 వ సంచికలో జెర్రీ కాన్వే రచనగా, గిల్ కేన్ చిత్రములతో, నాయకుని ప్రేయసి గ్వెన్ స్టేసీ మరణించెను. శత్రువు ఆమెను వంతెనపైనుండి పడద్రోయగా నాయకుడు తన వలదారముతో పట్టుకొనును. కాని పైకి లాగునప్పటికి ప్రాణముండదు. రక్షింపబోయిన దారమే ప్రాణము తీసెనా యను శంక చదువరిని విడువదు. బలవంతుడైనను అన్నిటిని కాపాడలేడను సత్యము ఇచట కలదు.

1992 లో సూపర్‌మాన్ మరణించిన సంచిక వెలువడెను. దానిని నల్లని సంచిలో మూసి, చేతికి కట్టుకొను శోకచిహ్నముతో కూడ అమ్మిరి. ధర పెరుగునను నాశతో ననేకులు ఒక్కటికి నాలుగు కొని, సంచి విప్పకయే దాచిరి. మరుసటి యేట వీరుడు మరల బ్రతికెను. అందరును దాచినవస్తువునకు గిరాకి యెక్కడిది? నేడు ఆ సంచిక చవుక పెట్టెలలో విరివిగా దొరకును. ఆ బేరముల వేడి చల్లారిన పిమ్మట దుకాణములనేకము మూతబడెను. మార్వెల్ సంస్థయే 1996 లో దివాలా దరఖాస్తు చేసికొనెను. కథను విప్పని చదువరిని నమ్ముకొన్న వ్యాపారమునకు తగిన ఫలము!

క్రొత్త సంచికలను ఎడతెగక చదువుట నేడు వ్యయసాధ్యము. నాడు పది సెంట్లకు అరువదినాలుగు పుటలు. నేడు నాలుగు డాలర్లకో, అంతకు మించియో ఇరువది పుటల కథ. దానికితోడు ఒక కథ తెలియుటకు నాలుగు పత్రికలు కొనవలసి వచ్చుచున్నది. అయినను పాతదియే బంగారమని క్రొత్తదానిని త్రోసిపుచ్చుట మాకు సమ్మతము కాదు. 2014 లో జి. విల్లో విల్సన్ రచనగా, అడ్రియన్ అల్ఫోనా చిత్రములతో మొదలైన ‘మిస్ మార్వెల్’ను చూడుడు. పాకిస్తానునుండి వచ్చి జెర్సీ సిటీలో స్థిరపడిన యింటి బాలిక కమలా ఖాన్. రూపము మార్చుకొను శక్తి లభించిన తోడనే ఆమె బంగారువన్నె జుట్టుగల తెల్లదొరసానిగా మారును. పిదప తన ముఖముతోనే మేలు చేయవచ్చునని గ్రహించును. ఇంట నొక భాష, బడిలో నింకొక భాష, వీధిలో వేరొక మర్యాదగల మన పిల్లలకు ఈ కథ వివరింపనక్కరలేదు. తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ దేశములలో తరతరములుగా నున్న మన కుటుంబములు ఆ బాలిక సందిగ్ధమును ఎరుగనివి కావు. ఈ పుస్తకమునకు 2015 లో హ్యూగో బహుమానము లభించినది. అది లభింపకున్నను మా మెప్పు తగ్గదు.

మన విషయమునకు వత్తము. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగారలు మద్రాసునుండి ‘చందమామ’ను తెలుగున, తమిళమున ఒక్కసారిగా వెలువరించిరి. దాసరి సుబ్రహ్మణ్యంగారి ధారావాహికలకై, చిత్రాగారి బొమ్మలకై నెలనెల ఎదురుచూచిన యిండ్లు మనవి. ముద్రణ ఆగి పదియేండ్లు దాటినది. మిగిలిన కట్టలను కొందరు తూకమునకు అమ్మిరి. కొందరు పురుగు పట్టకుండ కట్టిపెట్టి, పిల్లల చేయి సోకనీయరు. ఒకటి నిర్లక్ష్యము, రెండవది లోభము. రెండింటను కథ మూగవోవుటయే ఫలము. పుట పుటను ఛాయాచిత్రములు తీసి పదిమందికి పంచిన చదువరులు ఈ రెంటికి మించిన ఉపకారము చేసిరి.

కావున మా మనవి యిది. మనుమడు సాలీడు వీరుని పుస్తకముతో కూర్చుండినచో కసరకుడు. కథ చెప్పుమని యడుగుడు. అతడు తెలుగున చెప్పుటకు తడుముకొనును. ఆ తడుముకొనుటయే చదువు. పిదప చందమామ కట్ట ముడి విప్పి అతని ముందుంచుడు. అంచులు నలిగినను, అట్ట చినిగినను చింతలేదు. చదువబడి నలిగిన సంచికయే సార్థకమైన సంచిక.